నెమియాలో ఒక రోజు: రాళ్లు నాకు, తోటలు మా నాయినకు

మా నాయినకి పాత కట్టడాలంటే పెద్ద ఇష్టం లేదు. హంపీ తీసుకెళ్తే గంటలో "అన్నీ కూలిపోయినవే కదరా" అన్నాడు. అలాంటి మనిషిని గ్రీస్ తీసుకెళ్లడం ఏం తెలివి అని మా ఆవిడ ముందే అంది. కానీ అమ్మానాన్నలు జర్మనీకి మా దగ్గరికి మూడు నెలలు వచ్చారు, సెప్టెంబర్‌లో నాకు వారం సెలవు దొరికింది, ఏథెన్స్‌కి టికెట్లు చవగ్గా ఉన్నాయి, పిల్లలకి స్కూల్ కాబట్టి వాళ్లూ మా ఆవిడా ఇంట్లోనే ఉండిపోయారు, సరే మేం ముగ్గురం బయల్దేరాం.

ఏథెన్స్ రెండ్రోజులు మామూలే, ఎండ, క్యూ, అక్రోపోలిస్ మెట్లు, అమ్మ మోకాళ్లు. దాని గురించి రాయడానికి ఏం లేదు. మూడో రోజు కారు అద్దెకి తీసుకుని నాఫ్లియో అనే సముద్రం పక్క ఊళ్లో మకాం పెట్టాం. అక్కడి నుంచి అందరూ చేసే టూర్ ఒకటుంది, పొద్దున్న మైసీనీ అనే పాత కోట, మధ్యాహ్నం ఎపిడారస్ అనే పాత థియేటర్, సాయంత్రం ఇంకేదో, బస్సు దిగు ఫోటో తియ్యి బస్సెక్కు. నేను కూడా మొదట అదే ప్లాన్ రాసుకున్నా. ముందురోజు రాత్రి అమ్మ కాళ్లకి జండూబామ్ రాసుకుంటుంటే చూసి ఎపిడారస్ కొట్టేశా. మైసీనీ ఒకటి, నెమియా ఒకటి, మధ్యలో తిండి, సాయంత్రం ద్రాక్షతోట, అంతే. రోజంతా కలిపి కారు నడిపింది రెండు గంటలు కూడా ఉండదు.

నెమియా ఎందుకంటే, అక్కడ గ్రీకుల పెద్ద దేవుడు జ్యూస్ (Zeus) గుడి ఉంది, పాత స్టేడియం ఉంది, చుట్టూ లోయ మొత్తం ద్రాక్షే. మా నాయిన ఒకప్పుడు ద్రాక్ష రైతు. మేడ్చల్ దగ్గర నాలుగెకరాలు, అనాబ్-ఎ-షాహీ కొంత, థాంప్సన్ సీడ్‌లెస్ కొంత. ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు గానీ హైదరాబాద్ చుట్టూ శంషాబాద్ వైపూ మేడ్చల్ వైపూ ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే ఉండేవి. బోర్లు ఎండాయి, కూలీలు దొరకలేదు, పక్కనున్న తోటలన్నీ వెంచర్లయ్యాయి, 2006లో మాదీ పోయింది. ఆ తోట సంగతి ఆయన ఎత్తడు, మేమూ ఎత్తం.

పొద్దున ఎనిమిదికల్లా మైసీనీ గేటు దగ్గరున్నాం. ఇది నేను గట్టిగా చెప్తా, ఎనిమిదికి వెళ్లండి, పదింటికల్లా టూరిస్టు బస్సులు వస్తాయి, కొండ మీద నీడ అనేదే లేదు. దార్లో మైదానం మొత్తం నారింజ తోటలు, నాయిన కిటికీ దించి "నల్గొండ బత్తాయి తోటల లెక్కనే ఉన్నది" అన్నాడు, ఆ రోజుకి ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మంచిమాట అదే.

మైసీనీ సింహద్వారం ఫోటోల్లో చూసినదానికన్నా చిన్నగా అనిపిస్తుంది, దాని కింద నిలబడితే మాత్రం కాదు. దాదాపు క్రీ.పూ. 1250 నాటిది. పైన మధ్యలో ఒక స్తంభం, రెండు సింహాలు ఎదురెదురుగా దాని కింది దిమ్మె మీద ముందుకాళ్లు పెట్టి నిలబడి ఉంటాయి, రెండిటికీ తలల్లేవు. "తలకాయలెవరు కొట్టుకపోయిండ్రు" అని నాయిన. గోడల రాళ్లు ఎంత పెద్దవంటే తర్వాతొచ్చిన గ్రీకులు కూడా ఇవి మనుషులు కట్టినవి కాదు, ఒంటికన్ను రాక్షసులు సైక్లోపులు కట్టారు అనుకున్నారట, అందుకే అలాంటి గోడల్ని ఇప్పటికీ సైక్లోపియన్ అంటారు. మన దగ్గర పాత చెరువు కట్టకి ఏ భూతమో ఒక్క రాత్రిలో కట్టిందని కథ చెప్తారు చూడండి, అదే టైపు.

ద్వారం దాటగానే కుడిపక్క గుండ్రంగా రాళ్ల కంచె వేసిన సమాధులు. 1876లో ష్లీమన్ అనే జర్మన్ ఆయన తవ్వకాలు చేసింది ఇక్కడే, శవం మొహానికి పెట్టిన బంగారు ముఖం దొరికింది, ట్రాయ్ యుద్ధం కథలోని మైసీనీ రాజు ఆగమెమ్నన్‌దే అనుకున్నారు, కానీ అది ట్రాయ్ యుద్ధం జరిగిందనే కాలానికి మూడొందల ఏళ్ల ముందుదని తర్వాత తేలింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ ముఖాన్ని ఏథెన్స్ మ్యూజియంలో రెండ్రోజుల క్రితమే చూసి ఉన్నాం కాబట్టి అమ్మకి కనెక్ట్ అయింది, "ఆ బంగారమాయన ఈడనే పండుకున్నడా" అని ఆ గుంటలోకి చాలాసేపు చూసింది.

కింద రోడ్డు పక్కన అట్రియస్ ఖజానా అని ఇంకోటుంది, పేరుకే ఖజానా, నిజానికి సమాధి. దయచేసి దాన్ని వదిలెయ్యకండి, చాలామంది పైన చూసి అలసిపోయి అలాగే వెళ్లిపోతారు. కొండని తొలిచి లోపల తేనెతుట్టె ఆకారంలో రాయి మీద రాయి లోపలికి జరుపుకుంటూ పేర్చారు, గుమ్మం మీద పెట్టిన ఒక్క రాయే 120 టన్నులంటారు. లోపల చల్లగా, చీకటిగా ఉంది. అమ్మ ఒక్కసారి చప్పట్లు కొట్టింది, గోల్కొండలో కొట్టినట్టు, ఆ సౌండ్ గుండ్రంగా తిరిగి మళ్లీ మా మీదకే వచ్చింది, అక్కడున్న ఇటాలియన్ పిల్లలిద్దరు అది విని వాళ్లూ కొట్టడం మొదలుపెట్టారు, ఇక ఆగలేదు.

అక్కడి నుంచి నెమియాకి అరగంట. కొండల మధ్య నుంచి లోయలోకి దిగుతుంటే రోడ్డుకి రెండు పక్కలా ద్రాక్ష మొదలైంది. నాయిన సీట్లో ముందుకి వంగాడు. "పందిరి లేదేందిరా, మొత్తం తీగెల మీదనే ఉన్నది. ఇంత పొట్టిగ కత్తిరిస్తరా?" నాకేం తెలుసు. "ఆపు ఆపు" అన్నాడు. వెనక ట్రాక్టర్ వస్తోంది, ఆపలేదు. సాయంత్రం చూద్దాం నాయినా అన్నా. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

నెమియాలో మాకిచ్చిన ఒకే టికెట్‌తో గుడి, మ్యూజియం, స్టేడియం మూడూ చూశాం, స్టేడియం అర కిలోమీటరు అవతల ఉంటుంది కాబట్టి టికెట్ పారెయ్యకండి. మేం వెళ్లినప్పుడు మొత్తం ఆవరణలో మాతో కలిపి పదిమంది కూడా లేరు. ఏథెన్స్ తర్వాత ఆ నిశ్శబ్దం చెవులకి ఎంత హాయి.

జ్యూస్ గుడి క్రీ.పూ. 330 ప్రాంతంలో కట్టింది. రెండువేల మూడొందల ఏళ్లలో అస్సలు పడిపోకుండా నిలబడ్డ స్తంభాలు మూడే. మిగతావి పడిపోయాయి, పడిపోయాయి అనేకంటే పడగొట్టారు అనాలి, తర్వాతి కాలంలో పక్కనే చర్చి కట్టుకోవడానికి గుడి రాళ్లు పీక్కెళ్లారు. పడ్డ స్తంభాల దిమ్మెలు నేల మీద వరసగా, దోసకాయని చక్రాలుగా కోసి పక్కకి వాల్చినట్టు పడున్నాయి, నాకు నిలబడ్డ వాటికన్నా అవే నచ్చాయి. అమెరికాలోని బర్క్లీ యూనివర్సిటీ వాళ్లు 1970ల నుంచి ఇక్కడ తవ్వకాలు చేస్తూ ఇంకో ఆరు స్తంభాల్ని మళ్లీ నిలబెట్టారు, ఇప్పుడు మొత్తం తొమ్మిది. కొత్తగా చెక్కి అతికించిన రాయి రంగు కాస్త తెల్లగా ఉండి ఎక్కడ పాతది ఎక్కడ కొత్తది తెలిసిపోతుంది. హన్మకొండ వేయిస్తంభాల గుడి కళ్యాణమండపం విప్పేసి ఏళ్ల తరబడి రాళ్లు నంబర్లేసి పెట్టి 2024లో తెరిచారు కదా, అది గుర్తొచ్చింది. నాయినతో అంటే, "మరి మనోళ్లు ఆలస్యం చేసిండ్రు అని తిడితిమి, వీళ్లకూ అంతే పట్టింది గద" అన్నాడు. కరెక్టే.

మ్యూజియం చిన్నది, అమ్మకి నచ్చింది, కారణం బంగారం. అయిదోనియా అనే పక్క ఊరి సమాధుల్ని 1970ల్లో దొంగలు తవ్వేశారు, ఆ నగలు చివరికి న్యూయార్క్‌లో అమ్మకానికి తేలాయి, గ్రీస్ గొడవ చేసి 1996లో తెచ్చుకుంది. మూడువేల ఏళ్లు దాటిన ఉంగరాలు, పూసలు. అమ్మ అద్దానికి ముక్కు ఆనించి "ఈ గుండ్లు అచ్చం మన గుండ్లపేరు లెక్కనే లేవా" అని నన్ను పిలిచి పిలిచి చూపించింది.

ఇక స్టేడియం. ఆ రోజు మొత్తంలో నాకు మిగిలింది ఏంటి అంటే అక్కడి సొరంగం. క్రీ.పూ. 573 నుంచి ఇక్కడ రెండేళ్లకోసారి ఆటల పోటీలు జరిగేవి, ఒలింపియా, డెల్ఫీ, ఇస్తమియా, నెమియా, ఈ నాలుగే పెద్దవి. గెలిచినోడికి డబ్బు కాదు, అడవి సెలెరీ ఆకుల కిరీటం. క్రీడాకారులు ఒక గదిలో బట్టలిప్పేసి ఒంటికి నూనె రాసుకుని 36 మీటర్ల రాతి సొరంగం గుండా నడిచి గ్రౌండ్‌లోకి వచ్చేవాళ్లు. బట్టలిప్పేసి అంటే పూర్తిగానే. అమ్మ "ఛీ" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నాయిన మొదటిసారి గట్టిగా నవ్వాడు.

ఆ సొరంగం గోడల మీద గీతలున్నాయి. పోటీకి పేరు పిలిచేదాకా లోపల నిలబడి టెన్షన్‌తో గోడ మీద పేర్లు చెక్కుకున్నారు. టెలెస్టాస్ అని ఒకడు. ఇంకోచోట "అక్రోటాటోస్ అందగాడు" అని ఉంటే దాని కింద వేరే చేతిరాతలో "రాసినోడికి" అని ఇంకెవడో తగిలించాడు. అంటే అందగాడే, ఎవడి కంటికి, ఈ రాసినోడి కంటికి! ఇంటర్ కాలేజీ బెంచీ మీద రాసినట్టే లేదూ. గోల్కొండ గోడల మీద రాజు ప్లస్ లత అని గీకినోళ్లని చూసి నేను తిట్టని రోజు లేదు, ఇక్కడ మాత్రం అదే పనిని ఫోన్ టార్చ్ వేసుకుని వంగి వంగి చదువుతున్నా, రెండువేల ఏళ్లు దాటితే గీకుడు కూడా చరిత్రే అవుతుందేమో, రాజుకీ లతకీ ఇంకా టైముంది.

సొరంగం చివర వెలుగులోకి రాగానే మట్టి ట్రాక్, చుట్టూ గడ్డి గట్లు. స్టార్టింగ్ లైన్ రాళ్లు ఇంకా ఉన్నాయి, కాలివేళ్లు ఆనించడానికి పక్కపక్కనే రెండు గాడులు. అమ్మ చెప్పులిప్పేసి ఆ గాడిలో వేళ్లు పెట్టి నిలబడింది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని "ఒకటి రెండు మూడు అను బిడ్డా" అంది. అన్నా. నాలుగడుగులు వేసి ఆగిపోయి నవ్వుకుంటూ వెనక్కి వచ్చింది. 1996 నుంచి మళ్లీ ఇక్కడ నాలుగేళ్లకోసారి మామూలు జనంతో పోటీలు పెడుతున్నారు, ఎవరైనా పేరిచ్చుకుని తెల్ల అంగీ వేసుకుని ఉత్తకాళ్లతో పరుగెత్తొచ్చు. ఈసారి బట్టలు వేసుకునే.

తిండి ఊళ్లోనే చిన్న టవెర్నాలో, అంటే అక్కడి భోజన హోటల్. శనివారం కాబట్టి అమ్మ నీచు ముట్టదు. పెద్ద చిక్కుడు గింజలు టమాటా పులుసులో వండింది, గుమ్మడి జాతి కాయ ముక్కలు వేయించినవి, పెరుగులో దోసకాయ వెల్లుల్లి కలిపిన జాజికి, బ్రెడ్. అమ్మ బ్యాగులోంచి కారప్పొడి తీసింది. మిగతాది మీకు తెలుసు.

ఇప్పుడు వైనరీ సంగతి. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తా. వారం ముందు ఒక చోటికి మెయిల్ పెట్టా, జవాబు రాలేదు, సరే వెళ్తే వాళ్లే చూసుకుంటారులే అనుకున్నా. మన అలవాటు. వెళ్తే గేటు దగ్గరే కోతలు నడుస్తున్నాయి, టేస్టింగ్ లేదు, సారీ అన్నారు. తప్పు వాళ్లది కాదు, సెప్టెంబర్ సగం నుంచి అక్టోబర్ దాకా అయోర్యితికో కోతలు, ఊరంతా అదే పని. అయోర్యితికో అంటే సెయింట్ జార్జ్ ద్రాక్ష, నెమియా ఊరికి ఒకప్పటి పేరే సెయింట్ జార్జ్ అట. 1971 నుంచి నెమియా అని లేబుల్ వేసుకోవాలంటే వైన్ మొత్తం ఆ ఒక్క ద్రాక్షతోనే చెయ్యాలి. హెర్క్యులిస్ ఇక్కడి సింహాన్ని చంపాడని కథ కాబట్టి ఆ ఎర్ర వైన్‌కి హెర్క్యులిస్ రక్తం అని ముద్దుపేరు.

రోడ్డు పక్కన కారాపి వరసగా ఫోన్లు చేస్తే నాలుగోది, కొంచెం పైకి కూత్సీ వైపున్న ఒక చిన్న కుటుంబం వాళ్లు, గంట తర్వాత రమ్మన్నారు, మనిషికి 15 యూరోలు. ఆ గంట నాయిన రోడ్డు పక్క తోట గట్టు మీద గొంతుకూర్చుని తీగల వైపు చూస్తూ గడిపాడు. నేను ఏం మాట్లాడలేదు.

వైనరీ ఆయనకి యాభై దాటి ఉంటాయి, చేతులు మోచేతుల దాకా ఊదారంగు. ఇంగ్లిష్ బాగానే వచ్చు. మొదట మామూలుగా టూరిస్టులకి చెప్పే ముక్కలు చెప్తున్నాడు. నేను మధ్యలో, మా నాన్న కూడా ద్రాక్ష రైతే, ఇండియాలో అన్నా. అంతే, ఆయన నన్ను వదిలేసి నాయిన వైపు తిరిగాడు, ఆ తర్వాత గంటన్నర నేను ట్రాన్స్‌లేటర్‌ని మాత్రమే.

తోటలోకి వెళ్లాం. నాయిన ఒక గుత్తి కింద చెయ్యి పెట్టి బరువు చూసి, ఒక కాయ తెంపి వేళ్ల మధ్య నొక్కాడు. రసం నీళ్లలా తెల్లగా కారింది, వేళ్లకి మాత్రం తోలు రంగు అంటింది. అమ్మ ఆశ్చర్యపోయింది, ఎర్ర వైన్‌కి రంగు రసంలోంచి వస్తుందనుకుంది, నేనూ అంతే అనుకున్నా నిజం చెప్పాలంటే. రంగంతా తోల్లోనే ఉంటుందట, అందుకే తోలుతో కలిపే పులియబెడతారు. నాయిన గింజలు అరచేతిలోకి ఉమ్మి అటూ ఇటూ తిప్పి చూశాడు, గోధుమ రంగులో ఉన్నాయి. "కోతకొచ్చింది" అన్నాడు. నేను తర్జుమా చెయ్యకముందే ఆ గ్రీకాయన తలూపాడు.

ఆయన జేబులోంచి ఒక చిన్న గొట్టం తీశాడు, చివర అద్దం, దాని మీద ఒక చుక్క రసం వేసి వెలుగులోకి పెట్టి చూస్తే కాయలో తీపి ఎంతుందో అంకె చూపించేది. నాయిన చెయ్యి చాపాడు. "రిఫ్రాక్టోమీటర్" అన్నాడు స్పష్టంగా. ఎక్స్‌పోర్ట్ వాళ్లు మా తోటకి తెచ్చేవాళ్లట, నాకు తెలియనే తెలియదు. ఒక కన్ను మూసి చూసి, "ఇరవై మూడు. మాకు పద్దెనిమిది వస్తే లారీ ఎక్కించేటోళ్లం" అన్నాడు.

ఇక అక్కణ్నుంచి ఇద్దరికీ అన్నీ రివర్సే. మేం కాయ లావు కావాలని గుత్తి గుత్తినీ జీఏ మందులో ముంచేటోళ్లం అని నాయిన, మాకు కాయ ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది, తోలు పాలు ఎక్కువొస్తుంది అని ఆయన. మేం ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తం, ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబర్‌లో కాయ కోసం అని నాయిన చెప్తే ఆయన నమ్మలేదు, నన్ను మళ్లీ అడగమన్నాడు. ఇక్కడ చలికాలం ఆకంతా రాలి చెట్టు నిద్రపోతుంది, అప్పుడే ఒక్కసారి కత్తిరింపు. మన దగ్గర చెట్టుకి నిద్రెక్కడిది. నాయిన అది విని "అదృష్టమంతులు, చెట్టుతోపాటు రైతు కూడ పండుకుంటడు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఇంకో మాట చెప్పాడు, కాయ రంగు తిరిగే టైంలో కొన్ని గుత్తులు కోసి కింద పడేస్తామని, మిగిలిన వాటికి రుచి ఎక్కుతుందని. నాయిన మొహం చూడాలి. ఎకరానికి పది పన్నెండు టన్నులు తీసిన మనిషి. "కోసి? కిందనా?" అని నన్నే రెండుసార్లు అడిగాడు, నేను తప్పు తర్జుమా చేశానేమో అని.

మీ దగ్గర కిలో ఎంత అని ఆయన అడిగాడు. నాయిన ఆలోచించకుండా "12 రూపాయలు" అన్నాడు. నేను నోరు తెరిచి మూసుకున్నా. మా ఇంట్లో ద్రాక్ష కొనేది అమ్మే, ఆయనకి తెలిసిన ఆఖరి రేటు మా ఆఖరి పంటది. అమ్మ నా వైపు చూసింది, నేను 12 సెంట్లు అని చెప్పా. ఆయన పాపం అన్నట్టు నాయిన భుజం తట్టాడు.

టేస్టింగ్ మామూలే, రోజే అనే గులాబీ రంగు వైన్ ఒకటి, ఎర్రవి రెండు, ఎండబెట్టిన ద్రాక్షతో చేసిన తియ్యటిది ఒకటి. నేను డ్రైవింగ్ కాబట్టి నోట్లో తిప్పి పక్కనున్న గిన్నెలో ఉమ్మేశా, అమ్మ అది చూసి సిగ్గుతో చచ్చిపోయింది, ఇంటాయన ముందే ఉమ్ముతావా అని తెలుగులో నవ్వుమొహంతో తిట్టింది. అది పద్ధతే అమ్మా అంటే నమ్మలేదు, పక్క టేబుల్ వాళ్లు ఉమ్మాక ఊరుకుంది. నాయిన కల్లు తప్ప ఏదీ తాగడు. పీపాలో పెట్టిన ఎర్రదాన్ని ఒక గుక్క తాగి కాసేపు నాలుక అంగిట్లో ఆడించి, "వగరున్నది. నేరేడుపండు తిన్నంక నోరెట్లుంటది, గట్లున్నది" అన్నాడు. అక్కడి బ్రోషర్లో ఏవేవో మసాలాలూ పండ్లూ రాసుంది గానీ నాకు నేరేడే కరెక్ట్ అనిపించింది. నేరేడంటే ఏంటో ఆయనకి చెప్పడానికి ఫోన్లో బొమ్మ చూపించాల్సొచ్చింది.

వెళ్లేవాళ్లకి ఒకటే చెప్తా, ముందు ఫోన్ చేసి వెళ్లండి, కోతల టైంలో అయితే ఇంకా, తాగేవాళ్లయితే ఒకరు తాగకుండా ఉండండి, కొండ రోడ్లు సన్నగా ఉంటాయి, ట్రాక్టర్లు నిండా డబ్బాలతో ఎదురొస్తాయి.

బయల్దేరే ముందు నాయిన చేతిలో జానెడు కొమ్మ ముక్క కనిపించింది. ఎక్కడిది అంటే ఆయనే ఇచ్చాడన్నాడు. ఇండియాలోకి మొక్కలు పర్మిషన్ లేకుండా తీసుకుపోకూడదు, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు నాయినా అని చెప్తే కాసేపు దాని కణుపులు బొటనవేలితో రుద్దుతూ నిలబడి, మళ్లీ తోట గట్టు మీదే పెట్టేసి వచ్చాడు. బదులుగా రెండు బాటిళ్లు కొనిపించాడు. ఒకటి మా పక్క తోట పెద్దనాయినకి, ఆయనదీ మాతోపాటే పోయింది. రెండోది ఎవరికి అంటే చెప్పలేదు. ఇండియాకి మనిషికి రెండు లీటర్ల దాకా పర్వాలేదు కాబట్టి నేనూ అడగలేదు, అమ్మ రెండింటినీ తన చీరల మధ్య చుట్టి సర్దింది, పగిలితే ఆ గద్వాల్ చీర సంగతి మీరే చూసుకోండి అని మాత్రం అంది.